ట్రకీకి సెస్నాలో, మబ్బు మీదుగా: నేనైతే వెళ్ళను, ఎందుకంటే...

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. థాంక్స్‌గివింగ్ సెలవులకి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నుంచి సియెర్రా కొండల అవతల ఉన్న ట్రకీ ఊరికి అద్దె సెస్నా 172ఎస్‌లో, అంటే ఒకే ఇంజిన్ ఉన్న నాలుగు సీట్ల చిన్న విమానంలో, వెళ్దామనుకుంటున్నారు. మీరు, మీ ఆవిడ, బావమరిది, అతని భార్య. మీకు 190 గంటల అనుభవం ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటికి చూడకుండా పరికరాల సాయంతో మబ్బులో ఎగరడానికి అనుమతి) వచ్చి రెండు నెలలైంది. సియెర్రా మీద మబ్బు 8 వేల నుంచి 11 వేల అడుగుల దాకా ఉండొచ్చని అంచనా. ఫ్రీజింగ్ లెవెల్, అంటే ఉష్ణోగ్రత సున్నాకి పడే ఎత్తు, 7 వేలు. శిఖరాల ఎత్తులో నైరుతి గాలి 30 నాట్లు (గంటకి దాదాపు 55 కిలోమీటర్లు). "మబ్బులో ఉండేది పది నిమిషాలే, పీటో హీట్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడి చేసే ఏర్పాటు) ఉంది, పైకెక్కితే ఎండే కదా, నిజంగా అంత ప్రమాదమా?" అని అడిగారు.

అవును, అంత ప్రమాదమే. వెళ్ళొద్దు. నేను డెన్వర్ దగ్గర పంతొమ్మిదేళ్ళుగా ఫ్లయింగ్ నేర్పుతున్నాను. ఇలాంటి ప్రశ్న ప్రతి నవంబర్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్ళు మూర్ఖులు కారు, లెక్కలు వేసుకునే అడుగుతారు. మీరూ వేశారు. ఆ లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందో అదే చెప్తాను.

మీ పది నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించగలను. మబ్బు మందం 3 వేల అడుగులు. ఆ ఎత్తులో 172 నిమిషానికి ఓ 300 అడుగులు ఎక్కుతుంది. భాగిస్తే పది. కానీ ఆ 300 అనేది శుభ్రమైన రెక్కకి, నిశ్చలమైన గాలికి మాన్యువల్లో రాసిన అంకె. మీ రెక్క మబ్బులోకి వెళ్ళిన రెండో నిమిషం నుంచే శుభ్రంగా ఉండదు. వడ్రంగి వాడే గరుకు ఉప్పుకాగితమంత మంచు రెక్క ముందు అంచు మీద పేరుకుంటే చాలు, లిఫ్ట్ (పైకి లేపే బలం) 30 శాతం దాకా తగ్గి, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) 40 శాతం దాకా పెరగొచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పుస్తకాల్లోనే ఉంది. అంటే 9 వేల దగ్గర 300 ఉన్న క్లైంబ్ (ఎక్కే వేగం), 9,500 దగ్గర 150 అవుతుంది, 10 వేల దగ్గర సున్నా అవుతుంది. మీరు మబ్బు పైభాగానికి వెయ్యి అడుగుల కింద, మంచు పడుతూనే ఉన్న చోట ఇరుక్కుంటారు. ఆ పది నిమిషాలు ఎప్పటికీ పూర్తి కావు. అసలు 11 వేలు అనేది కూడా అంచనాయే. కొండ మీద గాలి పైకి నెట్టబడుతుంది కాబట్టి మైదానం మీద 11 వేల దగ్గర ఆగే మబ్బు శిఖరాల మీద 13 వేలకి లేవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇంకొకటి, మీ లెక్కలో ఎక్కడం ఒక్కటే ఉంది, దిగడం లేదు. ట్రకీ విమానాశ్రయం 5,904 అడుగుల ఎత్తులో ఉంది, మీ మబ్బు 8 వేల దగ్గర మొదలవుతోంది. పైన ఎండలో హాయిగా వెళ్ళినా, అదే మబ్బులోంచి మళ్ళీ కిందకి రావాలి. ఈసారి చుట్టూ కొండలుంటాయి, అప్రోచ్ (రన్‌వేకి దిగే దారి) మీద ఉంటారు, పక్క సీట్లో మీ ఆవిడ "ఏంటా చప్పుడు" అని అడుగుతుంటారు. ఆ అప్రోచ్ కుదరక గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి ఎక్కడం, చేయాల్సి వస్తే, మంచు మోస్తున్న 172 ఆ ఎత్తులో ఎక్కుతుందన్న భరోసా నాకైతే లేదు.

మంచు ఎలా పడుతుందో కాస్త చెప్పాలి. ఎందుకంటే "చలిగా ఉంటే నీళ్ళు ముందే గడ్డకడతాయి కదా, ఇక రెక్కకి ఏం అంటుకుంటుంది?" అని చాలామంది అడుగుతారు. గడ్డకట్టవు. చాలా చిన్న చినుకులు సున్నా కన్నా పదిపదిహేను డిగ్రీలు కిందకి పోయినా నీళ్ళలాగే ఉండగలవు. పట్టుకుని గడ్డకట్టడానికి వాటికి ఏదో ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం మీ విమానమే. తగలగానే గడ్డకడతాయి. సున్నా నుంచి మైనస్ 20 దాకా ఈ బెడద ఉంటుంది, సున్నాకీ మైనస్ 10కీ మధ్య మరీ ఎక్కువ. చిన్న చినుకులైతే తగిలిన చోటే గడ్డకట్టి తెల్లగా, గరుగ్గా రైమ్ మంచు అవుతుంది. పెద్ద చినుకులైతే వెంటనే గడ్డకట్టవు. రెక్క మీద కాస్త వెనక్కి జారి, గాజులా పారదర్శకంగా గట్టిపడతాయి. ఈ రెండోది బరువు, రెక్క ఆకారాన్ని పాడు చేస్తుంది, తొందరగా కనబడదు కూడా. పెద్ద చినుకులు ఎంత పని చేయగలవో చెప్పడానికి 1994 అక్టోబర్ 31న ఇండియానాలోని రోజ్‌లాన్ దగ్గర కూలిన ఏటీఆర్ 72 ప్రయాణికుల విమానం చాలు. అది మంచులో ఎగరడానికి అనుమతి ఉన్న విమానం, రెక్కల మీద మంచు రాలగొట్టే బూట్లు (గాలితో ఉబ్బే రబ్బరు పట్టీలు) ఉన్నాయి. అయినా ఆ బూట్లకి వెనక, అవి అందని చోట మంచు పేరుకుని ఎయిలరాన్ల (విమానాన్ని పక్కకి వంచే పలకల) పట్టు తప్పింది. 68 మంది పోయారు. మీ 172కి ఆ బూట్లు కూడా లేవు.

ఇక మీరు ధీమాగా రాసిన పీటో హీట్. అది వేడి చేసేది పీటో గొట్టాన్ని మాత్రమే. మీ వేగం ఎంత పడిపోతోందో చివరిదాకా సరిగ్గా చూపించడానికి పనికొస్తుంది, అంతకు మించి ఏమీ లేదు.

172లో మంచు పడుతోందని ముందు ఎక్కడ తెలుస్తుందంటే, సన్నగా ఉండే వస్తువుల మీద. బయటి ఉష్ణోగ్రత చూపే పుల్ల, రెక్కని మోసే స్ట్రట్, చక్రాలు. సన్నటి అంచు మీద మంచు తొందరగా పేరుకుంటుంది. తోక అంచు రెక్క కన్నా సన్నం కాబట్టి, రెక్క మీద పావు అంగుళం కనబడే సరికి తోక మీద ఇంకా ఎక్కువ ఉంటుంది, మీకు మాత్రం కనబడదు. అందుకే మంచుతో దిగాల్సి వస్తే ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందకి దించే పలకలు) జోలికి పోకుండా, వేగంగా, పొడుగాటి రన్‌వే మీద దిగమంటారు. ఫ్లాప్స్ దించగానే తోక స్టాల్ అయి, అంటే గాలి మీద పట్టు కోల్పోయి, ముక్కు నేలకి తిరిగే ప్రమాదం ఉంది. స్టాల్ వార్నింగ్ మోగుతుందని కూడా నమ్మకండి. మంచు పట్టిన రెక్క మామూలు కన్నా ఎక్కువ వేగం దగ్గరే స్టాల్ అవుతుంది, హారన్‌కి ఆ సంగతి తెలియదు. ఆటోపైలట్ వేసుకుని కూర్చుంటే ఇంకా దారుణం. ఎత్తు నిలబెట్టడానికి అది ముక్కు లేపుతూ పోతుంది, చేతకానప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది కాన్సాస్ లాంటి చదునైన చోట ఎగిరినా వర్తిస్తుంది. కొండల సంగతి వేరే ఎందుకంటే, కాన్సాస్‌లో మంచు పడితే కిందకి దిగుతాం. 7 వేల కింద వెచ్చగా ఉంటే 5 వేలకి దిగుతాం, మంచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతుంది, ఇంటికెళ్ళి కథ చెప్పుకుంటాం. సియెర్రా మీద ఆ వెచ్చటి గాలి ఉండాల్సిన చోట గ్రానైట్ ఉంది. ఆ దారిలో ఐఎఫ్ఆర్ కనీస ఎత్తు (పరికరాల సాయంతో ఎగిరేటప్పుడు అంతకన్నా కిందకి రాకూడని ఎత్తు) మీ ఫ్రీజింగ్ లెవెల్ కన్నా చాలా పైన. అంటే కంట్రోలర్ కూడా మిమ్మల్ని కిందకి దింపలేడు. పైకి వెళ్దామంటే క్లైంబ్ లేదు. పక్కకి తిరుగుదామంటే అక్కడా అదే మబ్బు. మిగిలేది వెనక్కి తిరగడం ఒక్కటే. అది కూడా మొదటి రెండు మూడు నిమిషాల్లో తిరిగితేనే.

దీనికి తోడు కొండ మీది మబ్బు మామూలు మబ్బు కాదు. పసిఫిక్ మీదుగా తడి మోసుకొచ్చిన గాలిని సియెర్రా ఒక్కసారిగా పైకి తోస్తుంది. అందుకే అక్కడి మబ్బులో నీరు ఎక్కువ, చినుకులూ పెద్దవి. ట్రకీ దగ్గరి టాహోలో స్కీయింగ్ చేసేవాళ్ళు ఆ బరువైన తడి మంచుని 'సియెర్రా సిమెంట్' అంటారు. కింద స్కీల మీద అంత బరువు పడే తడి, పైన మీ రెక్క మీద పడదనుకుంటున్నారా?

నా అనుభవం ఒకటి చెప్తాను, గొప్పకి కాదు. పన్నెండేళ్ళ కింద ఒకరి సెస్నా 182ని వ్యోమింగ్ మీదుగా డెన్వర్ తీసుకొస్తున్నాను. ఒక్కణ్ణే. 11 వేల అడుగులు, ముందు పల్చటి పొర లాంటి మబ్బు, అవతలి వైపు కనబడుతున్నట్టే ఉంది. నాకప్పటికి మూడు వేల గంటలు దాటాయి. పల్చటిదే కదా అనుకున్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు 130 నాట్లు. స్ట్రట్ మీద తెల్లగా గీత కనబడింది. ఫోటో తీద్దామనుకున్నాను, నిజంగా ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నాలుగు నిమిషాల్లో 112. ఆరో నిమిషానికి పవర్ మొత్తం పెట్టినా 101, ప్రొపెల్లర్ మీద మంచు ఒక పక్క ఊడి ఇంజిన్ ఊగిపోతోంది. అప్పుడు తిరిగాను. మంచు పట్టిన విమానాన్ని గట్టిగా వంచితే స్టాల్ అవుతుంది కాబట్టి పది డిగ్రీలు కూడా మించకుండా, ఎంతకీ తెమలని మలుపు. వెనక మబ్బు లేని గాలి ఉందని ఖాయంగా తెలుసు కాబట్టి బతికాను. విండ్‌షీల్డ్ పూర్తిగా మూసుకుపోయింది, పక్క కిటికీలోంచి చూస్తూ దిగాను. దిగాక కాళ్ళు వణికి ఓ పావుగంట రెక్క కింద కూర్చున్నాను. మొదటి తెల్లగీత కనబడ్డప్పుడే తిరగాల్సింది. ఆరు నిమిషాలు ఎందుకు ఆగానో ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఇక గాలి. మీ ప్రశ్నలో మంచు గురించే ఉంది కానీ, నన్నడిగితే మబ్బు అస్సలు లేకపోయినా ఆ 30 నాట్లు చూసి 172లో మిమ్మల్ని పంపను. శిఖరాల ఎత్తులో గాలి 25 నాట్లు దాటితే చిన్న విమానాలు కొండ దాటొద్దని మాకు నేర్పారు, నేనూ అదే నేర్పుతాను. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూశారా? స్పిల్‌వే మీద నీరు అద్దంలా నునుపుగా జారుతుంది, కింద పడ్డాక ఎగిరి, సుడులు తిరిగి, తెల్లగా మరుగుతుంది. కొండ దాటిన గాలి కూడా అచ్చం అలాగే. గాలి వచ్చే వైపు నెమ్మదిగా పైకి తోస్తుంది, 'భలే ఎక్కుతోందే' అనుకుంటాం. శిఖరం దాటగానే కిందకి జారుతుంది, నిమిషానికి వెయ్యి అడుగులు, గట్టి గాలిలో అంతకన్నా ఎక్కువ. మీ విమానం ఎక్కగలిగేది 300. ఆ కింద మరిగే చోటుని రోటర్ అంటాం. సియెర్రా పడమటి వైపు ఏటవాలుగా ఉండి తూర్పు వైపు గోడలా దిగుతుంది కాబట్టి ఈ ఆటకి ప్రపంచంలోనే పేరున్న చోటు. 1952లో ఇద్దరు గ్లైడర్ పైలట్లు కాలిఫోర్నియాలోని బిషప్ ఊరి దగ్గర, కొండ దాటి ఇలా ఎగిసే గాలి అల మీదే, ఇంజిన్ లేకుండా, 44,255 అడుగులు ఎక్కారు. ఆ ఇద్దరిలో ఒకాయన 1955లో అదే ప్రాంతంలో రోటర్‌లో పడితే గ్లైడర్ గాల్లోనే ముక్కలైంది, పారాచూట్‌తో బయటపడ్డాడు. ట్రకీ కూడా మీ నైరుతి గాలికి సరిగ్గా ఆ దిగువ వైపే ఉంది. శిఖరాల మీద కదలకుండా నిలబడ్డ, పప్పుగింజలాంటి నునుపైన మబ్బులు కనబడితే అల నడుస్తోందని గుర్తు. మబ్బు కదలట్లేదంటే గాలి లేదని కాదు.

అనుభవం ఉంటే గట్టెక్కుతాం అనుకోకండి. స్టీవ్ ఫోసెట్ బెలూన్‌లో ఒంటరిగా ప్రపంచం చుట్టిన మనిషి. 2007 సెప్టెంబర్ 3న నెవాడా నుంచి సూపర్ డెకాథ్లాన్ అనే చిన్న విమానం వేసుకుని మంచి వాతావరణంలో సరదాగా తిరిగొద్దామని లేచాడు. విమానం ముక్కలు ఏడాది తర్వాత, 2008 అక్టోబర్‌లో సియెర్రాలోని మామత్ లేక్స్ దగ్గర సుమారు 10 వేల అడుగుల ఎత్తులో దొరికాయి. ఆ విమానం ఎక్కగలిగే దానికన్నా గాలి కిందకి తోసే వేగం ఎక్కువైందని అమెరికాలో ప్రమాదాల విచారణ చేసే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. పెద్ద కొండలే ఉండాలనీ లేదు. 2009 సెప్టెంబర్ 2 మన తెలుగువాళ్ళెవరికీ గుర్తు చేయక్కర్లేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి గారి బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి లేచి నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. విచారణ నివేదిక అందులోనూ తీవ్రంగా కిందకి తోసే గాలినే కారణంగా చూపింది. సియెర్రాతో పోలిస్తే నల్లమల చిన్న గుట్టలు.

ఎవరో కింద కామెంట్లలో "నేపాల్‌లో రోజూ తిప్పుతున్నారుగా" అని రాశారు. తిప్పుతున్నారు. ఎలా తిప్పుతున్నారో కూడా చూడాలి. పొఖారా నుంచి జోమ్‌సోమ్ ఇరవై నిమిషాల దారి, అన్నపూర్ణకీ ధౌలగిరికీ మధ్య కాళీ గండకి లోయలో. పొద్దెక్కితే ఆ లోయలో గాలి భయంకరంగా లేస్తుంది కాబట్టి విమానాలన్నీ ఉదయమే నడిపి ఆపేస్తారు. "మా మబ్బుల్లో రాళ్ళుంటాయి" అని అక్కడి పైలట్లు అంటుంటారు. ఆ ఒక్క దారిలోనే 2016 ఫిబ్రవరి 24న 23 మంది, 2022 మే 29న 22 మంది పోయారు. రెండుసార్లూ రెండు ఇంజిన్ల ట్విన్ ఆటర్ విమానమే, రెండుసార్లూ కొండనే ఢీకొన్నారు. ఆ దారి వాళ్ళకి కొట్టిన పిండి. మీకు ట్రకీ దారి ఇదే మొదటిసారి.

ఇంకో చిన్న సంగతి, బరువు. 172ఎస్ మోయగలిగేది సుమారు 880 పౌండ్లు. ఫుల్ ట్యాంక్ 318 పౌండ్లు. మిగిలిన 560ని నలుగురికి పంచితే మనిషికి 140 పౌండ్లు, అంటే 63 కిలోలు, సూట్‌కేసూ స్కీలూ జాకెట్లూ కలిపి. మీ బావమరిది బరువు నాకు తెలియదు కానీ, మీ ప్లాన్ మంచు దాకా పోకముందే ఇక్కడే ఆగాలి.

ఆ కామెంట్లలోనే, హైదరాబాద్‌లో ఫ్లయింగ్ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు "మాకు మంచు బాధ లేదు" అని నవ్వాడు. తమ్ముడూ, నువ్వు ఎగిరేది కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) ఉన్న పాత సెస్నా 152 అయితే, వానాకాలంలో 25 డిగ్రీల వేడిలో కూడా నీ ఇంజిన్ లోపల మంచు కట్టొచ్చు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు చల్లబడుతుంది, గాలిలో తేమ ఉంటే అక్కడే గడ్డకడుతుంది. బయట 38 డిగ్రీలున్నా ఇది సాధ్యమే. పవర్ తగ్గించి దిగేటప్పుడు మరీ ఎక్కువ. ఆర్‌పీఎం నెమ్మదిగా జారుతుంటే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట) పూర్తిగా లాగు, సగం కాదు. లాగగానే ఇంజిన్ ఇంకా దగ్గుతుంది, కరిగిన నీళ్ళు లోపలికి పోతాయి కాబట్టి. భయపడి మళ్ళీ తోసేయకు. అక్కడే చాలామంది తప్పు చేస్తారు.

మళ్ళీ మీ సంగతికొస్తే, కొండల్లో ఎగరడం మానేయమనట్లేదు. జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో, శిఖరాల ఎత్తులో గాలి 15 నాట్లలోపు ఉన్న రోజు, ఆ ప్రాంతం తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరే వెళ్ళండి. పొద్దున్నే లేచి మధ్యాహ్నం లోపు చక్రాలు నేల మీద ఉండేలా. శిఖరాన్ని ఎదురుగా కాకుండా 45 డిగ్రీల వాలుగా సమీపించండి, కిందకి తోస్తే చిన్న మలుపుతో బయటపడొచ్చు. లోయలో మధ్యన ఎగరకండి, ఒక పక్కకి ఉంటే తిరగడానికి మొత్తం వెడల్పు మిగులుతుంది. సాధారణంగా గాలి పోయి తగిలే వాలు వైపే మంచిది, అక్కడ గాలి పైకి లేస్తుంది కాబట్టి. వేసవిలో ఎత్తైన రన్‌వే మీద విమానం ఎంత బద్ధకంగా లేస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది. మా కొలరాడోలో లెడ్‌విల్ అని 9,934 అడుగుల ఎత్తున రన్‌వే ఉంది, 20 డిగ్రీల ఎండకి అక్కడ విమానం దాదాపు 13 వేల అడుగుల మీద ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఒక్కసారి అక్కడ లేచి వచ్చిన నా విద్యార్థులెవరూ మళ్ళీ నలుగురితో 172 అని అడగలేదు.

థాంక్స్‌గివింగ్‌కి మాత్రం కారులో వెళ్ళండి. నాలుగు గంటల దారి, ట్రాఫిక్ ఉంటే ఆరు. మంచు పడితే డోనర్ పాస్ కనుమ దగ్గర ఐ-80 హైవే మీద టైర్లకి చైన్లు లేనివాళ్ళని ఆపేయొచ్చు. అక్కడ మంచులో వంగి చైన్లు బిగించడం మీ బావమరిదికి అప్పజెప్పండి. విమానం బుకింగ్ ఈరోజే క్యాన్సిల్ చేసేయండి, ముందురోజు రాత్రి దాకా ఉంచుకుంటే ఫోర్‌కాస్ట్ కాస్త బాగుపడగానే మళ్ళీ మనసు లాగుతుంది.